బూడిదలోంచి బతికొచ్చిన 'పథేర్ పాంచాలి'.. సత్యజిత్ రే సినిమాల కోసం అభిమానుల 22 ఏళ్ల ఎదురుచూపు!

సత్యజిత్ రే.. ఇండియన్ సినిమా గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా ముందుగా వినిపించే పేర్లలో ఒకటి. ఆయన కన్నుమూసి 30 ఏళ్లు దాటిపోయింది. అయినా సరే.. ఆయన పాత సినిమా ఒకటి బాగుచేసిన ప్రింట్‌తో డిస్క్ రూపంలో వస్తోందంటే చాలు, సినీ ప్రియులు రిలీజ్ డేట్ గుర్తుపెట్టుకుని మరీ ఎదురుచూస్తుంటారు.

పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాకి ఇంత ఎదురుచూపు ఎందుకు? ఫోన్‌లో పేరు కొడితే వచ్చేస్తుంది కదా అనిపించొచ్చు. కానీ రే సినిమాల విషయంలో కథ అంత ఈజీగా నడవలేదు. ఆయన చనిపోయిన ఏడాదికే 'పథేర్ పాంచాలి'తో సహా కొన్ని గొప్ప సినిమాల ఒరిజినల్ నెగటివ్‌లు లండన్‌లో మంటల్లో చిక్కుకున్నాయి. అవి మళ్లీ తెరమీదకి రావడానికి 22 ఏళ్లు పట్టింది. సినిమాలో ప్రతి చిన్న పనీ దగ్గరుండి చూసుకున్న మనిషికి, తీసిన సినిమాని దాచిపెట్టే పని మాత్రం చేతిలో లేకుండా పోయింది. ఆ మనిషి కథ, ఆ సినిమాల కథ ఇదీ..

ప్రెస్ ఉన్న ఇంట్లో పుట్టి.. మేనమామ ఇంట్లో పెరిగి

1921 మే 2న కలకత్తాలో సత్యజిత్ రే పుట్టారు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచయిత, చిత్రకారుడు. ప్రింటింగ్ పనిలో దిట్ట. పిల్లల కోసం 1913లో 'సందేశ్' అనే పత్రిక పెట్టారు. తండ్రి సుకుమార్ రాయ్ రాసిన సరదా గేయాలు బెంగాలీ పిల్లలకి ఈరోజుకీ నోటికొచ్చు. కానీ రేకి మూడేళ్లయినా నిండకముందే తండ్రి జబ్బుతో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లే.

ఆ తర్వాత కుటుంబ ప్రెస్ చేజారింది. తల్లి సుప్రభ కొడుకుని తీసుకుని అన్నదమ్ముల ఇంటికి చేరారు. ఉద్యోగం చేసి ఒంటరిగా కొడుకుని పెంచారు. రే ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనమిక్స్ చదివారు. తల్లి కోరిక మేరకు 1940లో శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ లాంటి గురువుల దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. కోర్సు పూర్తి కాకుండానే వెనక్కి వచ్చేసినా, అక్కడ నేర్చుకున్న చూపు మాత్రం జీవితాంతం ఆయనతోనే ఉంది.

1943లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ యాడ్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం నెలకి 80 రూపాయలు. పగలు యాడ్స్ పని. మరోపక్క సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు డిజైన్ చేసేవారు. అలా ఒకరోజు చేతికొచ్చిందే బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల 'పథేర్ పాంచాలి' పిల్లల వెర్షన్. దానికి బొమ్మలు వేస్తుండగానే ఇది సినిమాగా తీయాల్సిన కథ అని ఆయన మనసులో పడిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే చిదానంద దాస్‌గుప్తా లాంటి మిత్రులతో కలిసి కలకత్తా ఫిలిం సొసైటీ మొదలుపెట్టారు. 1949లో విజయతో పెళ్లయింది. అదే సమయంలో ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వార్ 'ది రివర్' సినిమా కోసం కలకత్తా వస్తే, లొకేషన్లు వెతకడంలో రే ఆయనకి సాయం చేశారు. 1950లో కంపెనీ రేని కొన్ని నెలల పాటు లండన్ పంపింది. అక్కడ ఉన్నన్నాళ్లూ దాదాపు వంద సినిమాలు చూశారట! వాటిలో ఇటాలియన్ సినిమా 'బైసికిల్ థీవ్స్' ఆయన్ని కుదిపేసింది. స్టూడియో సెట్లు, పెద్ద స్టార్లు లేకుండా కూడా సినిమా తీయొచ్చని నమ్మకం కుదిరింది. ఇంటికి తిరిగొచ్చే ఓడలోనే 'పథేర్ పాంచాలి' స్క్రిప్ట్ ఆలోచనలు కాగితం మీద పెట్టారు.

ఆవులు మేసేసిన లొకేషన్.. తాకట్టులో భార్య నగలు

1952 అక్టోబర్‌లో షూటింగ్ మొదలైంది. దర్శకుడికి అదే తొలి సినిమా. కెమెరామెన్ సుబ్రత మిత్రకి అప్పటికి 21 ఏళ్లు. అంతకుముందు మూవీ కెమెరా పట్టిందే లేదు. అపూ పాత్ర వేసిన పిల్లాడూ కెమెరాకి కొత్తే.

తొలిరోజు తీసింది అపూ, దుర్గ అనే అక్కాతమ్ముళ్లు రెల్లుపూల మధ్య పరుగెత్తే సీన్. సగం తీసి, మిగతా సగం కోసం వారం తర్వాత వెళ్లి చూస్తే అక్కడ పూలే లేవు. ఆవులు మేసేశాయి! మళ్లీ రెల్లు పూసే సీజన్ దాకా ఆగి మిగతా సీన్ తీశారు. రైలు చూడటానికి పిల్లలు పరుగెత్తే ఆ సీన్ ఇప్పటికీ ప్రపంచ సినిమాలో ఒక మైలురాయి.

కథ విన్న నిర్మాతలెవరూ ముందుకు రాలేదు. పాటలు లేవు, హీరో లేడు, ఉన్నదంతా ఒక పేద కుటుంబం. డబ్బు ఎవరు పెడతారు? రే ఉద్యోగం మానలేదు. సెలవులు చూసుకుని షూటింగ్ చేశారు. ఇన్సూరెన్స్ పాలసీ మీద డబ్బు తెచ్చారు. ఇష్టంగా కొనుక్కున్న గ్రామఫోన్ రికార్డులు అమ్మేశారు. అదీ చాలక భార్య నగలు తాకట్టులోకి వెళ్లాయి. అయినా డబ్బులు అయిపోయి దాదాపు ఏడాది పాటు షూటింగ్ ఆగిపోయింది.

ఆ గ్యాప్‌లో రే భయమంతా ఒక్కటే. పిల్లాడి గొంతు మారిపోతే? దుర్గ పాత్ర వేసే అమ్మాయి పెద్దదైపోతే? 80 ఏళ్ల నటి చునీబాలా దేవికి ఏమైనా అయితే? అదృష్టం.. మూడింటిలో ఏదీ జరగలేదు. చునీబాలా దేవి తన పాత్ర పూర్తి చేశారు. కానీ సినిమా రిలీజ్ కాకముందే కన్నుమూశారు.

చివరికి తల్లికి తెలిసినవాళ్ల ద్వారా పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బి.సి. రాయ్ దాకా విషయం వెళ్లింది. ప్రభుత్వం డబ్బు పెట్టింది. పేరులో 'పథం' ఉంది కాబట్టి రోడ్ల ఖాతాలో ఆ ఖర్చు రాశారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కథకి కాస్త ఆశాజనకమైన ముగింపు ఉంటే బాగుంటుందన్న సలహా వచ్చినా రే మార్చలేదు. రవిశంకర్ ఒక్క రాత్రి సిటింగ్‌లో, దాదాపు 11 గంటల్లో సంగీతం ఇచ్చేశారు.

1955 మే నెలలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో తొలి ప్రదర్శన. అదే ఏడాది ఆగస్ట్ 26న కలకత్తాలో రిలీజ్. మొదట్లో నెమ్మదిగా మొదలైనా తర్వాత జనం క్యూ కట్టారు. 1956లో కాన్ ఫెస్టివల్‌లో ఉత్తమ మానవ పత్రంగా ప్రత్యేక అవార్డు దక్కింది. అపూ కథకి కొనసాగింపుగా వచ్చిన 'అపరాజితో' కలకత్తాలో ఆడలేదు కానీ 1957లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. 1959లో 'అపూర్ సంసార్'తో మూడు భాగాల కథ పూర్తయింది. సౌమిత్ర చటర్జీ, షర్మిలా టాగోర్ ఇద్దరూ సినిమాకి పరిచయమైంది అందులోనే.

ఒక్క మనిషి.. అన్ని పనులూ!

ఆ తర్వాత రే ఆగలేదు. 'జల్సాఘర్', 'దేవి', 'మహానగర్', 'చారులత', 'నాయక్'.. ఒకదానికొకటి సంబంధం లేని కథలు. 'మహానగర్', 'చారులత' రెండూ బెర్లిన్‌లో ఆయనకి ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చాయి. 1961 నాటి 'తీన్ కన్య' నుంచి తన సినిమాలకి తనే సంగీతం ఇచ్చుకున్నారు. తర్వాత కెమెరా కూడా తనే ఆపరేట్ చేయడం మొదలుపెట్టారు. స్క్రిప్ట్ తనదే, పోస్టర్ తనదే. ఎర్ర గుడ్డ బైండింగ్ ఉన్న నోట్‌బుక్కుల్లో ప్రతి షాట్‌కీ స్కెచ్ వేసుకునేవారు. ఇంగ్లిష్ అక్షరాలకు కొత్త ఫాంట్లు కూడా డిజైన్ చేశారు.

తాత పెట్టిన 'సందేశ్' పత్రికని 1961లో మళ్లీ బతికించారు. దాని కోసమే ప్రొఫెసర్ శంకు, డిటెక్టివ్ ఫెలుదా కథలు రాశారు. పిల్లల కోసం తీసిన 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' బెంగాల్‌లో సూపర్ హిట్. 1977లో హిందీ, ఉర్దూల్లో 'శత్రంజ్ కే ఖిలాడీ' తీశారు. సంజీవ్ కుమార్, సయీద్ జాఫ్రీ నటించిన ఈ సినిమాకి వెనక వినిపించే గొంతు అమితాబ్ బచ్చన్‌ది. ఓం పురి, స్మితా పాటిల్‌తో తీసిన 'సద్గతి' అయితే నేరుగా దూరదర్శన్ కోసమే. ప్రేమ్‌చంద్ కథతో వచ్చిన ఈ టెలీఫిల్మ్ థియేటర్‌కి కాకుండా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ల కోసం రే తీసిన సినిమా.

అన్నీ జరగలేదు కూడా. గ్రహాంతర జీవి మీద 'ది ఏలియన్' అని 1967లో స్క్రిప్ట్ రాసి హాలీవుడ్ దాకా వెళ్లారు. ఆ సినిమా కాగితం దాటలేదు. 1971లో సిక్కిం రాజు కోరితే తీసిన 'సిక్కిం' డాక్యుమెంటరీకి ఇంకో కష్టం వచ్చింది. 1975లో సిక్కిం భారత్‌లో కలిశాక దానిపై నిషేధం పడింది. అది ఎత్తేసింది 2010లో! రే బతికి ఉండగా ఆ సినిమా జనం ముందుకి రానేలేదు.

హాస్పిటల్ బెడ్ మీద ఆస్కార్.. అప్పుడే బయటపడ్డ అసలు సమస్య

1983లో 'ఘరే బైరే' షూటింగ్ సమయంలో రేకి గుండెపోటు వచ్చింది. తర్వాత కొన్నేళ్లు సినిమాలే లేవు. తిరిగొచ్చాక డాక్టర్ల సలహాతో ఎక్కువగా స్టూడియోలోనే తీశారు. కొడుకు సందీప్ కెమెరా పట్టారు. 1991లో వచ్చిన 'ఆగంతుక్' చివరి సినిమా.

1992 మొదట్లో ఆరోగ్యం బాగా పాడైంది. అప్పుడే అమెరికా నుంచి కబురు వచ్చింది. జీవితకాల కృషికి గౌరవ ఆస్కార్! వెళ్లే పరిస్థితి లేదు. కలకత్తా హాస్పిటల్ బెడ్ మీదే ఆస్కార్ బొమ్మ పట్టుకుని ఆయన మాట్లాడిన వీడియోని మార్చి 30న ఆస్కార్ వేదికపై వేశారు. ప్రకటించింది హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్. భారతరత్న కూడా అదే నెలలో ప్రకటించారు. మూడు వారాలు దాటీ దాటకుండానే.. 1992 ఏప్రిల్ 23న రే కన్నుమూశారు. కలకత్తా వీధులు జనంతో నిండిపోయాయి.

అయితే ఆస్కార్ వేడుక కోసం ఆయన సినిమాల క్లిప్పులు వెతికినప్పుడే ఒక చేదు నిజం తెలిసింది. చూపించడానికి మంచి ప్రింట్లే దొరకడం లేదు! గీతలు, మరకలు, మసకబారిన సబ్‌టైటిళ్లు. ఎందుకిలా అంటే.. రే సినిమాలకి నిర్మాతలు వేర్వేరు. 'పథేర్ పాంచాలి' రాష్ట్ర ప్రభుత్వానిది. మిగతావి వేరే వేరే సంస్థలవి. నెగటివ్ ఎవరి దగ్గర ఉంటే వాళ్ల బాధ్యత. కలకత్తా వేడికి, తేమకి ఫిల్మ్ పాడైపోకుండా చల్లటి గదిలో దాచే ఏర్పాటు చాలామందికి లేదు. ప్రపంచమంతా మెచ్చిన సినిమాలు రేకు డబ్బాల్లో నెమ్మదిగా చెడిపోతున్నాయి.

దీంతో ఆస్కార్ అకాడమీ ఆర్కైవ్ రంగంలోకి దిగింది. రే సినిమాలను కాపాడే ప్రాజెక్టు మొదలైంది. అందులో భాగంగా ఒరిజినల్ నెగటివ్‌లను లండన్‌లోని హెండర్సన్స్ అనే ల్యాబ్‌కి చేర్చారు.

కాపాడటానికి పంపితే.. కాలిపోయాయి!

1993 జులై. హెండర్సన్స్ ల్యాబ్‌లో భారీ అగ్నిప్రమాదం. పాతకాలపు నైట్రేట్ ఫిల్మ్‌కి నిప్పు తోడైతే ఎలా ఉంటుందో సినిమావాళ్లకి తెలుసు. అది పెట్రోల్ లాంటిదే. అక్కడ ఉన్న రే నెగటివ్‌లు, అపూ మూడు సినిమాలతో సహా, మంటల్లో చిక్కుకున్నాయి. కాలినవి కాలగా మిగిలినవి కరిగి, పెళుసుబారి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

నెగటివ్ అంటే కెమెరాలో నుంచి నేరుగా వచ్చిన ఫిల్మ్. అదే తల్లి. దాని నుంచి తీసిన ప్రతి కాపీలోనూ కాస్త కాస్త స్పష్టత తగ్గుతుంది. తల్లే పోతే ఇక మిగిలేవి కాపీలకి కాపీలే. అందుకే ఆ తర్వాత ఏళ్లలో వీడియో క్యాసెట్‌లో, సీడీలో, డీవీడీలో రే సినిమా చూసినవాళ్లకి దక్కింది అరకొర బొమ్మే. దుర్గ తడిసిన ఆ వానలో చినుకు ఏదో, ప్రింట్ మీద గీత ఏదో తెలియని పరిస్థితి. అపూ సినిమాలు ఇక పూర్తి స్థాయిలో చూడలేమనే చాలామంది అనుకున్నారు.

కానీ ఒక్క మంచి పని జరిగింది. ఆ కాలిన ముక్కల్ని ఎవరూ చెత్తలో పడేయలేదు. అప్పటి టెక్నాలజీతో వాటిని బాగుచేయడం కుదరదని తెలిసినా, అకాడమీ ఆర్కైవ్ ఆ డబ్బాలను అలాగే భద్రంగా దాచింది. ఎప్పటికైనా పనికొస్తాయేమో అన్న ఆశ. అంతే.

వెయ్యి గంటల చేతిపని

20 ఏళ్లు గడిచాయి. 2013లో అపూ సినిమాలను బ్లూ-రేగా తేవాలనుకున్న క్రైటీరియన్ అనే అమెరికన్ హోమ్ వీడియో సంస్థ, అకాడమీ ఆర్కైవ్‌తో కలిసి ఆ డబ్బాలు తెరిపించింది. కాలిన ఫిల్మ్ ఇటలీలోని బొలోనా నగరానికి, లిమాజినె రిట్రొవాటా అనే రిస్టొరేషన్ ల్యాబ్‌కి వెళ్లింది.

అక్కడివాళ్లు ముందు ఎండిపోయిన ఫిల్మ్‌కి మళ్లీ తేమ పట్టించారు. ముట్టుకుంటే విరిగిపోయే రీల్ కాస్త వంగే స్థితికి వచ్చింది. కరిగి అంటుకున్న టేపు, జిగురు తొలగించారు. అంచుల్లో పోయిన రంధ్రాలను ఒక్కొక్కటిగా మళ్లీ కట్టారు. ఇదంతా మెషీన్‌తో అయ్యే పని కాదు. దాదాపు వెయ్యి గంటలు చేత్తో చేసిన పని! ఆ తర్వాతే ఒక్కో ఫ్రేమ్‌ని 4కెలో స్కాన్ చేశారు.

ఫలితం? 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ కాలిన ఒరిజినల్ నెగటివ్ నుంచే తిరిగొచ్చింది. 'అపూర్ సంసార్'కి మాత్రం ఆ అదృష్టం లేదు. మిగిలిన రెండు రీళ్లూ వాడటానికి వీల్లేనంతగా పాడైపోయాయి. దాన్నీ, మిగతా రెండింటిలో పోయిన భాగాలనూ ఇతర ఆర్కైవ్‌లు, సంస్థల దగ్గరున్న మంచి కాపీల నుంచి నింపారు. ఆ తర్వాత కంప్యూటర్ మీద గీతలు, మరకలు తుడిచే పని నెలల తరబడి సాగింది.

2015 మే నెలలో కొత్త ప్రింట్ న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తెరమీదకి వచ్చింది. 60 ఏళ్ల కిందట సరిగ్గా ఇదే నెలలో 'పథేర్ పాంచాలి' తొలిసారి చూపించిన చోటే! అదే ఏడాది నవంబర్‌లో మూడు సినిమాల బ్లూ-రే సెట్ మార్కెట్‌లోకి వచ్చింది. రెల్లుపూలు ఒక్కొక్కటిగా, చెరువు నీళ్ల మీద వాలే పురుగులు కూడా స్పష్టంగా కనిపించాయి. 1993 నుంచి లెక్కేస్తే అభిమానుల ఎదురుచూపు 22 ఏళ్లు.

ఇంకా లైన్‌లోనే మిగతా సినిమాలు

'జల్సాఘర్' 2011లో, 'మహానగర్', 'చారులత' 2013లో, 'నాయక్' 2018లో, 'దేవి' 2021లో ఇలాగే బాగుపడి బ్లూ-రే డిస్క్‌లుగా వచ్చాయి. భారత ప్రభుత్వ ఫిలిం హెరిటేజ్ మిషన్ కింద బాగుచేసిన 'ప్రతిద్వంద్వి' 2022లో కాన్‌లో ప్రదర్శనకి ఎంపికైంది. 1970 నాటి 'అరణ్యేర్ దిన్ రాత్రి' 2025లో కాన్ క్లాసిక్స్ విభాగంలో మెరిసింది. హాలీవుడ్ దర్శకుడు వెస్ ఆండర్సన్ పరిచయం చేసిన ఆ షోకి షర్మిలా టాగోర్, సిమీ గరేవాల్ స్వయంగా వెళ్లారు. ఆ సినిమా ఒరిజినల్ నెగటివ్‌ను నిర్మాత పూర్ణిమా దత్తా జాగ్రత్తగా దాచి ఉంచడమే ఆ పని సాధ్యం కావడానికి కారణం.

తేడా అక్కడే ఉంది. దాచినవాళ్లున్న చోట సినిమా బతికింది. లేని చోట ఎదురుచూపు మిగిలింది. డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిలింలు కలుపుకుని రే తీసినవి 36. వాటిలో అన్నిటికీ ఇంకా ఆ అవకాశం రాలేదు. అందుకే కొత్త డిస్క్ ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఈసారి ఏ సినిమా అని అభిమానులు వెతుక్కుంటారు.

ఈరోజు ఫోన్‌లో అపూ సినిమా క్లియర్‌గా ప్లే అవుతోందంటే దాని వెనక చాలా చేతులున్నాయి. నగలిచ్చిన భార్య చేతులు. 21 ఏళ్ల కెమెరామెన్ చేతులు. కాలిన ఫిల్మ్ ముక్కను పారేయకుండా 20 ఏళ్లు అలమరలో పెట్టిన వాళ్ల చేతులు. విరిగిన రంధ్రాలను ఒక్కొక్కటిగా అతికించిన వాళ్ల చేతులు. అక్కాతమ్ముళ్లు రైలు కోసం పరుగెత్తే ఆ సీన్ ఈసారి స్క్రీన్ మీదకి వస్తే స్కిప్ చేయకుండా చూడాల్సిందే.. ఎందుకంటే అందులో కనిపించే కొన్ని ఫ్రేమ్‌లు ఒకప్పుడు నిజంగానే మంటల్లో ఉండి వచ్చినవి.